చేపల వాసనే చిరునామా

ఓ పాతకాలపు భవనం. గోడలు తెలుపు, కిటికీల చట్రాలు నలుపు. దాని గుమ్మం ముందు మెట్ల మీది నుంచి ఫుట్‌పాత్‌ దాకా పెద్ద క్యూ. పైన ముసురు పడుతున్నా, ఎదురుగా సముద్రపు గాలి చెవులు కోసేస్తున్నా ఒక్కరూ కదలరు. ఇదంతా కొత్త సినిమా టిక్కెట్ల కోసం కాదు... వేయించిన ఓ చేప ముక్క కోసం, పక్కన గుప్పెడు బంగాళాదుంప ముక్కల కోసం!

విట్‌బీలో ఈ దృశ్యం మామూలే. ఇంగ్లండ్‌ ఈశాన్య తీరంలో, యార్క్‌షైర్‌ ప్రాంతంలో ఉందీ ఊరు. జనాభా పదమూడు వేలకు అటూ ఇటూ. మన దగ్గరయితే ఓ మోస్తరు మండల కేంద్రం. ఎస్క్‌ అనే చిన్న నది ఊరిని రెండుగా చీల్చి ఉత్తర సముద్రంలో కలుస్తుంది. తూర్పు గట్టున కొండ మీద క్రీ.శ. 657లో మొదలైన క్రైస్తవ మఠం తాలూకు శిథిలాలు. పడమటి గట్టున హోటళ్లు, లాడ్జీలు. రెంటినీ కలుపుతూ మధ్యలో ఓ వంతెన. పడవ వచ్చిందంటే వంతెన పక్కకు తిరిగి దారిస్తుంది. అంతసేపూ అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే.

ఇంత చిన్న ఊరికి చరిత్ర మాత్రం చాలానే ఉంది. ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని పటంలోకి ఎక్కించిన కెప్టెన్‌ జేమ్స్‌ కుక్‌ 1746లో ఓడ పని నేర్చుకోవడానికి వచ్చింది ఇక్కడికే. యజమాని ఇంటి అటక మీద పడుకునేవాడట. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. 1768లో అతను ప్రపంచ యాత్రకు బయల్దేరిన ఎండీవర్‌ ఓడ కూడా ఈ ఊళ్లో పుట్టిందే. మొదట అది బొగ్గు మోసే ఓడ. ఇక్కడ తిమింగలాల వేట కూడా ఉండేది. 1753 నుంచి దాదాపు ఎనభై ఏళ్లపాటు ఇక్కడి ఓడలు ఆర్కిటిక్‌ దాకా వెళ్లి తిమింగలాలను కొట్టి తెచ్చేవి. రేవు పక్కన వాటి కొవ్వును పెద్దపెద్ద కాగుల్లో మరగబెట్టి నూనె తీసేవారు. ఊరంతా కంపు. ఇప్పుడూ రేవు పొడవునా కాగుతున్న కొవ్వు వాసనే... కాకపోతే ఇప్పటి వాసనకు నోరూరుతుంది.

బజ్జీకి బంధువు

ఆ క్యూ ఉన్న భవనం పేరు మాగ్‌పై కెఫే. 18వ శతాబ్దంలో ఓ వర్తకుడు కట్టించుకున్న ఇల్లది. 1930ల చివర్లో హోటలయింది. 2017 ఏప్రిల్‌ నెలాఖర్లో అగ్నిప్రమాదం జరిగి పైభాగం కాలిపోయింది. ఊళ్లోవాళ్లు సొంతింటికి నిప్పంటుకున్నట్టే బాధపడ్డారు. బాగుచేసి మళ్లీ తెరిచారు. క్యూ మళ్లీ మొదలైంది.

ఫిష్‌ అండ్‌ చిప్స్‌ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ముల్లు తీసిన చేపను పిండిలో ముంచి కాగే కొవ్వులో వేస్తారు. మన బజ్జీ లెక్కే. కాకపోతే శనగపిండి బదులు గోధుమపిండి, మిరపకాయ బదులు చేప. కారం, మసాలా ఊసే ఉండదు. పైన ఉప్పు, బార్లీతో చేసిన గోధుమ రంగు వెనిగర్‌ చల్లి ఇస్తారు. అంతే. ఆవకాయ సీసా సంచిలో పెట్టుకుని ప్రయాణాలు చేసేవాళ్లకు మూత తీసే సమయం ఇదే!

మరి దీనికోసం ఇంత క్యూ ఎందుకు? చేపలోనే ఉంది కిటుకు. దక్షిణ ఇంగ్లండ్‌లో కాడ్‌ చేప వాడితే, యార్క్‌షైర్‌ వాళ్లు హాడాక్‌ తప్ప మరోటి ముట్టరు. దాని చర్మం కూడా తీసేసి వండటం ఇక్కడి పద్ధతి. పైపొర కరకరలాడాలి, లోపల చేప ఆవిరి మీద ఉడికినట్టు తెల్లగా పొరలు పొరలుగా విడిపోవాలి. పిండి పల్చనైతే చేప ఎండిపోతుంది, చిక్కనైతే ముద్దగా ఉంటుంది. పక్కన బఠాణీ ముద్ద. ఎండు బఠాణీలను రాత్రంతా సోడా నీళ్లలో నానబెట్టి మెత్తగా ఉడికిస్తారు. చూడటానికి పచ్చగా, వింతగా ఉంటుంది కానీ పప్పు తినే నోటికి పరాయిదనిపించదు. కూర్చుని తినే చోట వెన్న రాసిన రొట్టె ముక్కలు, ఓ కెటిల్‌ టీ కూడా వస్తాయి. వేపుడులోకి వేడి వేడి టీ ఏమిటని ముక్కున వేలేసుకోవద్దు. ఆ చలిలో అదే సరైన జోడీ.

పార్సిల్‌ తీసుకునేవాళ్లు ఓ మాట నేర్చుకుని వెళ్లాలి... ‘స్క్రాప్స్‌’. కాగులో రాలిపడి కరకరలాడే పిండి పలుకులన్నమాట. అడిగితే పొట్లంలో ఓ గరిటెడు వేస్తారు. చాలాచోట్ల ఊరికే. బజ్జీల బండి దగ్గర అడుగున మిగిలిన పలుకుల కోసం పిల్లలు ఎలా ఎగబడతారో ఇక్కడా అంతే. లండన్‌లో ఈ మాట అంటే దుకాణం వాడు తెల్లమొహం వేయొచ్చు.

రేవు వెంట నాలుగడుగులు వేస్తే క్వేసైడ్‌ అనే మరో దుకాణం. 2014లో బ్రిటన్‌లో అత్యుత్తమ చేపల వేపుడు దుకాణంగా జాతీయ అవార్డు కొట్టింది. దీనికి ఇంకో విశేషం ఉంది. ఒకప్పుడు ఇదే భవనంలో గ్రంథాలయం ఉండేది. 1890లో సెలవులకు విట్‌బీ వచ్చిన బ్రామ్‌ స్టోకర్‌ అనే రచయిత ఆ గ్రంథాలయంలో ఓ పాత పుస్తకం తిరగేస్తుంటే ‘డ్రాకులా’ అన్న పేరు కంటపడింది. ఏడేళ్ల తర్వాత ఆ పేరుతోనే నవల వచ్చింది. ప్రపంచాన్ని వణికించిన రక్తపిశాచికి పేరు దొరికిన చోట ఇప్పుడు పిల్లాపాపలతో కూర్చుని జనం చేపలు తింటున్నారు. ఆ నవల పుణ్యమా అని 1994 నుంచి నల్లటి దుస్తులు, నల్లటి లిప్‌స్టిక్‌తో ‘గోత్‌’ అభిమానులు ఇక్కడికి వచ్చి పండగ చేసుకుంటారు. ఆ రోజుల్లో మాగ్‌పై క్యూలో దెయ్యాల్లా తయారైన వాళ్ల వెనకే తాతయ్యలు, నాయనమ్మలు గొడుగులు పట్టుకుని నిలబడతారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడరు.

తినేముందు అడగండి

అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. విట్‌బీకి ఉత్తరాన రైలు దూరంలోనే మిడిల్స్‌బరో ఉంది. అక్కడి యూనివర్సిటీలో చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు విట్‌బీ అందుబాటులో ఉన్న విహారం. చదువు పూర్తయ్యేలోపు తల్లిదండ్రులు వెళ్తే వాళ్లకు చూపించే ఊళ్లలోనూ ఇదొకటి. యార్క్‌షైర్‌లో సంప్రదాయంగా చేపలనూ, చిప్స్‌నూ వేయించేది నూనెలో కాదు... ఆవు కొవ్వులో. దాన్ని ‘బీఫ్‌ డ్రిప్పింగ్‌’ అంటారు. ఆ రుచి నూనెకు రాదని అక్కడివాళ్ల వాదన. కాబట్టి ‘మాకు చేప వద్దు, ఉత్త చిప్స్‌ ఇవ్వండి’ అనుకునే శాకాహారులూ, చేప తింటాంగానీ గొడ్డుమాంసం ముట్టమనేవాళ్లూ ముందే అడగాలి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ముస్లింలు, హిందువులు, శాకాహారులు ఎందరో రోజూ అడుగుతారు. కొన్ని దుకాణాలు వంటనూనె వాడతాయి, కొన్ని విడిగా మరో కాగు పెడతాయి. బోర్డు మీద రాయకపోతే నోటితో అడగడమే.

మరి శాకాహారి ఏం తినాలి? బేకరీల్లో జున్ను, ఉల్లిపాయ పెట్టి కాల్చిన పేస్ట్రీలుంటాయి. ఇక్కడా ఓ తిరకాసుంది, కొన్నిట్లో పిండిని పందికొవ్వుతో కలుపుతారు. కాబట్టి మళ్లీ అడగాలి. కెఫేల్లో పొట్టుతో కాల్చిన పెద్ద బంగాళాదుంపను చీల్చి వెన్న, జున్ను, బీన్స్‌ నింపి ఇస్తారు. మధ్యాహ్నం టీ వేళ స్కోన్లు, మీగడ, జామ్‌ ఎలాగూ ఉన్నాయి. ఆకలితో తిరిగి రావాల్సిన అవసరమైతే లేదు. కానీ ఆ ఊరి అసలు రుచి చేపదే, అందులో దాపరికం అనవసరం.

పొగ పెట్టిన చేప

వంతెన దాటి తూర్పు గట్టుకు వెళ్తే రాళ్లు పరిచిన సన్నటి వీధి. దాని చివర కొండ మీదికి 199 మెట్లు. మధ్యమధ్యలో బల్లలుంటాయి. అవి సందర్శకుల కాళ్లనొప్పుల కోసం వేసినవి కావు. పూర్వం పైనున్న చర్చి శ్మశానానికి శవపేటికలు మోసుకెళ్లేవాళ్లు దించి ఆయాసం తీర్చుకోవడానికి వేశారు. మెట్లు ఎక్కకుండా కింద నుంచే పక్కకు తిరిగితే హెన్రియెట్టా వీధి. అడ్రసు అడగక్కర్లేదు, ముక్కే దారి చూపిస్తుంది. మసిబారిన ఓ చిన్న కొట్టు. పేరు ఫార్చ్యూన్స్‌. 1872 నుంచీ తరతరాలుగా ఒకే కుటుంబం అక్కడ చేసే పని ఒకటే... హెర్రింగ్‌ చేపలకు పొగ పెట్టడం.

హెర్రింగ్‌ అంటే మన కవళ్లకూ, పులసకూ చుట్టం. మెరిసే వెండి రంగు, ఒంటినిండా నూనె, లెక్కలేనన్ని ముళ్లు. వీపు వైపు నుంచి చీల్చి, కడిగి, ఉప్పునీళ్లలో ఊరబెట్టి, కొక్కేలకు వరసగా వేలాడదీస్తారు. కింద ఓక్‌, బీచ్‌ చెక్క పొట్టుతో మంట లేకుండా పొగ రాజేస్తారు. గంటల తరబడి ఆ పొగలో మగ్గితే చేప రాగి రంగుకు తిరుగుతుంది. దాన్నే కిప్పర్‌ అంటారు. గోడలు, దూలాలు తారు పూసినట్టు నల్లబడి ఉంటాయి. ఆ నలుపంతా నూట యాభై ఏళ్ల పొగే. కూర్చుని తినడానికి కుర్చీల్లేవు. కాగితంలో చుట్టి ఇస్తారు, ఇంటికి తీసుకెళ్లి వండుకోవాలి. వండటమంటే, పొడవాటి జగ్గులో తలకిందులుగా పెట్టి మరిగే నీళ్లు పోసి మూతేసి కాసేపు ఉంచడమే. కాస్త వెన్న, రొట్టెతో తింటారు. ఎండుచేపల కూర వండిన ఇంట్లో పెరిగిన వాళ్లకు ఈ వాసన పరాయిది కాదు. మిగతావాళ్లు కిటికీ తీసిపెట్టుకోవడం మంచిది.

ఒకప్పుడు ఈ చేప కోసమే తీరమంతా కదిలేది. వేసవిలో హెర్రింగ్‌ గుంపులు స్కాట్లాండ్‌ నుంచి దక్షిణానికి దిగుతుంటే పడవలు వాటి వెంటబడేవి. పడవల వెంట రైళ్లలో స్కాట్లాండ్‌ అమ్మాయిలు. వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, రేవులో నిలబడి, క్షణాల్లో చేపను చీల్చి, శుభ్రం చేసి, పీపాల్లో ఉప్పు వేసి సర్దేవారు. ఉప్పు తగిలి చేతులు పుండ్లయ్యేవి. పడవలు పెద్దవయ్యాయి, వలలు పెద్దవయ్యాయి, చేపలు తగ్గిపోయాయి. చివరికి 1977లో ఉత్తర సముద్రంలో హెర్రింగ్‌ వేటనే ఆపేయాల్సి వచ్చింది. కొన్నేళ్లకు చేపలు తిరిగి వచ్చాయి గానీ ఆ పడవలు, ఆ అమ్మాయిలు తిరిగి రాలేదు. ఇప్పుడు బ్రిటన్‌లో పొగబెట్టే హెర్రింగ్‌లో చాలా భాగం ఉత్తర అట్లాంటిక్‌ నుంచి వస్తుంది. వేపుడుకు వాడే హాడాక్‌, కాడ్‌లలో ఎక్కువ భాగం ఐస్‌లాండ్‌, నార్వే సముద్రాల నుంచి వస్తుంది. కిటికీలోంచి పడవలు చూస్తూ తినే చేప ఆ పడవల్లో వచ్చింది కాకపోవచ్చు! 2022లో రష్యా ఉక్రెయిన్‌ మీద దాడికి దిగినప్పుడు చేప ధర, పొద్దుతిరుగుడు నూనె ధర రెండూ భగ్గుమన్నది అందుకే. ఒకప్పుడు పేదవాడి భోజనంగా పేరుపడ్డ పొట్లం ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో చాలావాటికి రేషన్‌ పెట్టిన బ్రిటిష్‌ ప్రభుత్వం దీని జోలికి మాత్రం వెళ్లలేదు. ఇప్పుడు నలుగురున్న కుటుంబం కూర్చుని తింటే బిల్లును రూపాయల్లోకి మార్చుకోకపోవడమే ఆరోగ్యానికి మంచిది. పార్సిల్‌ కాస్త చవక.

పీతలకేమైంది?

విట్‌బీ పడవలు ఇప్పుడు ప్రధానంగా తెచ్చేది పీతలు, లాబ్‌స్టర్లు. రేవు పక్కన బడ్డీల్లో డ్రెస్డ్‌ క్రాబ్‌ అమ్ముతారు. ఉడికించిన పీతలోంచి మాంసమంతా తీసి, శుభ్రం చేసి, మళ్లీ దాని డిప్పలోనే సర్ది ఇస్తారు. పీత కాళ్లు కొరుక్కుంటూ గంటసేపు కుస్తీ పట్టే మన కోస్తావాళ్లకు ఇది మరీ సుకుమారంగా తోచొచ్చు. రుచి మాత్రం తియ్యగా, తాజాగా ఉంటుంది. ఆ ఊళ్లో నిజంగా ఆ ఊరిదే తినాలంటే ఇదే తినాలి.

2021 అక్టోబరులో ఈ తీరానికి పెద్ద దెబ్బ తగిలింది. టీస్‌ నది ముఖద్వారం నుంచి విట్‌బీ వైపు పొడవునా చచ్చినవీ, చావుబతుకుల్లో కొట్టుకుంటున్నవీ పీతలు, లాబ్‌స్టర్లు కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కొన్నిచోట్ల మోకాలి లోతు. సముద్రంలో పెరిగిన నాచు కారణమై ఉండొచ్చని ప్రభుత్వం తేల్చింది. మత్స్యకారులు నమ్మలేదు. టీస్‌ ముఖద్వారంలో ఏళ్ల తరబడి పేరుకున్న పారిశ్రామిక వ్యర్థాలను తవ్వి కదిపినందువల్లే విషం బయటికొచ్చిందన్నది వాళ్ల వాదన. మరోసారి నిపుణుల బృందం వేశారు. 2023 జనవరిలో వాళ్లిచ్చిన నివేదిక... నాచు అయ్యే అవకాశం తక్కువ, తవ్వకాల వల్ల అయ్యే అవకాశమూ చాలా తక్కువ, ఏదో కొత్త రోగక్రిమి అయి ఉండొచ్చు, కచ్చితంగా చెప్పలేం అంది. బుట్టలు వేస్తే ఖాళీగా పైకొచ్చే రోజులు చూసిన వాళ్లకు ఆ ‘అయి ఉండొచ్చు’తో కడుపు నిండుతుందా? గుడ్లతో ఉన్న లాబ్‌స్టర్‌ను పట్టుకోకూడదని 2017 నుంచి ఇంగ్లండ్‌లో చట్టం ఉంది. బుట్టలో పడినా తిరిగి నీళ్లలో వదలాల్సిందే. తమ వంతుగా వాటిని కాపాడుకుంటూ వచ్చిన వాళ్లకే ఈ దెబ్బ తగిలింది.

ఇంకో చిక్కు గట్టు మీద ఉంది. అందమైన ఊరు కదా, బయటి డబ్బున్నవాళ్లు ఇళ్లు కొని సెలవులకు అద్దెకివ్వడం మొదలెట్టారు. వేసవిలో దీపాలు వెలిగే ఇళ్లు చలికాలంలో చీకటి. చేపలు పట్టేవాడికి, హోటల్లో వండేవాడికి, వడ్డించే అమ్మాయికి ఊళ్లో ఇల్లు దొరకని పరిస్థితి. 2022 జూన్‌లో ఊరి జనం ఓటింగ్‌ పెట్టుకున్నారు. కొత్తగా కట్టే ఇళ్లు ఇక్కడే కాపురముండే వాళ్లకే అమ్మాలని 2,111 మంది, వద్దని 157 మంది ఓటేశారు. ఆ తీర్పుకు చట్టబద్ధత లేదు. కానీ ఊరి మనసులో మాట మాత్రం అందరికీ తెలిసింది. పర్యాటకులు లేకపోతే హోటళ్లు నడవవు, వాళ్ల కోసం ఇళ్లన్నీ పోతే హోటళ్లలో పనిచేసేవాళ్లు ఉండరు. మన అరకులోనో, మరో విహార కేంద్రంలోనో ఉండేవాళ్లకు ఈ గొడవ కొత్తగా అనిపించదు.

అల్లం రొట్టె, ఆకాశ దొంగ

తీపి లేకుండా భోజనం ముగియదనేవాళ్లకు బోథమ్స్‌ బేకరీ ఉంది. ఎలిజబెత్‌ బోథమ్‌ అనే ఇల్లాలు 1865లో మొదలుపెట్టింది. ఎండు ద్రాక్షలు వేసిన ప్లమ్‌ బ్రెడ్‌, నిమ్మ బన్నులు అక్కడి ప్రత్యేకం. కొనాల్సింది మాత్రం విట్‌బీ జింజర్‌బ్రెడ్‌. మెత్తటి కేకు అనుకుంటే పొరపాటే. ఇటుక రాయిలా గట్టిగా, అల్లం ఘాటుతో ఉంటుంది. పల్చగా కోసి, వెన్న రాసి, పైన యార్క్‌షైర్‌ వెన్స్‌లీడేల్‌ జున్ను ముక్క పెట్టుకుని తింటారు. అల్లం బెల్లానికి జున్నేమిటనిపిస్తుంది. ఓసారి తింటే ఆ సందేహం తీరిపోతుంది. పైగా త్వరగా పాడవదు, ఊరికి తెచ్చుకోవచ్చు.

పొట్లం పట్టుకుని రేవు బెంచీ మీద కూర్చుంటే మాత్రం నెత్తి మీద ఓ కన్నుండాలి. అక్కడి సముద్రపు కాకులు హెర్రింగ్‌ గల్స్‌ మామూలువి కావు. కోడిపుంజంత పక్షి, వెనక నుంచి రివ్వున వచ్చి చేతిలో చేపను లాక్కుపోతుంది. అరిచినా లాభం లేదు. కర్రెత్తి కొడదామంటే చట్టం ఒప్పుకోదు. 1981 వన్యప్రాణి చట్టం కింద వాటికి రక్షణ ఉంది, పైగా సంఖ్య తగ్గిపోతున్న పక్షుల జాబితాలోనూ ఉన్నాయి. దీనికో విరుగుడు కనిపెట్టారు ఎక్సెటర్‌ యూనివర్సిటీ వాళ్లు. 2019లో వాళ్లు పరీక్షించి చూస్తే, కళ్లలోకి సూటిగా చూస్తున్నంతసేపూ చాలా పక్షులు దగ్గరికి రావడానికి జంకాయట. కాబట్టి ఒకరు తింటుంటే మరొకరు పక్షిని గుడ్లురిమి చూడాలి. తర్వాత వంతులు మార్చుకోవాలి.

వెళ్లేవాళ్లు మిడిల్స్‌బరో నుంచి రైలెక్కడం మేలు. 35 మైళ్ల దూరానికి గంటన్నర పడుతుంది. కొండలు, గొర్రెల మందలు, రాతి ఇళ్ల పల్లెలు, ఎస్క్‌ నదిని మళ్లీమళ్లీ దాటించే వంతెనలు చూస్తూ వెళ్తుంటే ఆ గంటన్నరా తెలియదు. రోజుకు నడిచే రైళ్లు కొన్నే కాబట్టి తిరుగు బండి వేళ ముందే చూసుకోవాలి. వేసవి శని ఆదివారాలు మాగ్‌పైలో తినాలంటే పన్నెండు కొట్టకముందే వెళ్లి నిలబడాలి. ఇక ఫార్చ్యూన్స్‌లో కిప్పర్లు కొనేవాళ్లు రెండు మూడు కాగితాల్లో గట్టిగా చుట్టించుకోవాలి. లేదంటే గంటన్నరపాటు పెట్టెలో తోటి ప్రయాణికులంతా సంచి వంకే చూస్తుంటారు.